ఉగ్గబట్టిన సాయంత్రాలు

పద్దెనిమిది ప్రశ్నలకు జవాబులు రాసి, పంతొమ్మిదో ప్రశ్న దగ్గర ఆమె పెన్ను ఆగిపోయి అప్పటికే పావుగంట అయింది. పక్క కుర్చీలో తండ్రి ఆమె స్కానింగుల ఫైలును ఒళ్ళో పెట్టుకొని, ఫైలు మీద మంచినీళ్ళ సీసా నిలబెట్టుకొని, ఎదుటి గోడమీద ఎర్రగా వెలిగే అంకెను చూస్తున్నాడు. ముప్పై ఐదు నడుస్తోంది. వాళ్ళది ముప్పై ఎనిమిది. ఒక్కొక్కరికి ఇరవై నిమిషాల చొప్పున ఇంకా గంట పడుతుందని ఆయన ఇందాకే తేల్చి చెప్పి, "పోనీలే, ఫ్యాన్ కింద చోటు దొరికింది" అన్నాడు, ఆ చోటు తనే ముందుగా చెప్పి ఉంచినట్టు. ఆమె నవ్వింది. నవ్వుతూనే ఎడమ అరచేతిని కాగితం మీదికి జరిపింది, పరీక్ష హాల్లో పక్కవాళ్ళు చూసి రాయకుండా దాచుకునే పిల్లలాగా. పొత్తికడుపులో నొప్పి ఎన్నాళ్ళ నుంచి, నాలుగేళ్ళ నుంచి. కూర్చుంటే పదికి ఎంత, ఆరు. నడిస్తే, నాలుగు. నెలసరి రోజుల్లో, ఎనిమిది. మూత్రానికి రోజుకు ఎన్నిసార్లు, వెళ్ళాక ఇంకా మిగిలినట్టు ఉంటుందా, ఉంటుంది. ఇవన్నీ తడుముకోకుండా రాసేసింది. తర్వాత కాగితం వెనక్కి తిప్పితే ఇది. మీరు పెరిగిన ఇంట్లో, పద్దెనిమిదేళ్ళ లోపు, తరచుగా భయంతో గడిపిన రోజులు ఉన్నాయా? పక్కనే మూడు గళ్ళు. ఉన్నాయి. లేవు. చెప్పదలుచుకోలేదు.

కడుపునొప్పి ఫారంలో ఇంటి సంగతి ఎందుకడుగుతారో ఆమెకు తెలియకపోలేదు. ఇక్కడికి పంపిన డాక్టరమ్మ ముందే చెప్పింది, ప్రశ్నలు కాస్త వింతగా ఉంటాయి, కంగారు పడకు అని. ఆ డాక్టరమ్మ ఐదో ఆవిడ. అంతకు ముందు నలుగురు. మొదటాయన స్కానింగు తీయించి అన్నీ నార్మల్ అన్నాడు. రెండో ఆయన ఇంకా పెద్ద స్కానింగు తీయించి ఇంకా నార్మల్ అన్నాడు. ఆ మాట వింటే సంతోషించాలని ఆమెకు తెలుసు, బయట కూర్చున్న అమ్మ సంతోషించింది కూడా, కానీ ఆమెకు మాత్రం ఎవరో తన చేతిలోంచి నొప్పిని లాక్కొని ఇది నీది కాదు పొమ్మన్నట్టుండేది. మూడో ఆవిడ పెళ్ళయి ఒక బిడ్డ పుడితే అదే సర్దుకుంటుందని చెప్పి విటమిన్ల చీటీ రాసిచ్చింది. నాలుగో చోట లోపల పరీక్ష చేయాలని బల్లమీద పడుకోబెట్టారు. పరికరం ఇంకా తాకనే లేదు, దాని చల్లదనం తొడకు తగిలీ తగలకముందే ఆమె ఒళ్ళంతా కొయ్యలా బిగుసుకుపోయింది, మోకాళ్ళు వాటంతటవే దగ్గరికొచ్చి అతుక్కుపోయాయి, గొంతులోంచి ఒక కేక వచ్చింది, అది తన కేకేనని నమ్మడానికి ఆమెకు క్షణం పట్టింది. "ఇంకా ఏం చేయకముందే ఇంత గొడవా!" అంది నర్సు. ఆ రోజు ఆమె బట్టలు సర్దుకుంటూ నర్సుకి సారీ చెప్పింది. ఎందుకు చెప్పిందో ఇప్పటికీ తెలియదు. ఎవరైనా గొంతు పెంచితే ముందు సారీ చెప్పడం ఆమెకు తుమ్మొచ్చినంత సహజంగా వచ్చేస్తుంది.

ఐదో డాక్టరమ్మ మాత్రం పాత ఫైలంతా చదివింది. చివరికి కళ్ళద్దాలు తీసి, "గర్భసంచిలో ఏమీ లేదు. అండాశయాల్లో ఏమీ లేదు. నీకు నొప్పి ఉంది. ఈ మూడూ నిజమే" అంది. ఈ మూడూ నిజమే. ఆ మాట ఆమె బస్సులో ఇంటిదాకా మనసులో చెప్పుకుంటూ వచ్చింది. తర్వాత ఆవిడ తన రెండు అరచేతుల్ని దొప్పలా పట్టి చూపించింది, పొత్తికడుపు అడుగున ఇలా ఒక గిన్నెలాగా కండరాలుంటాయి, పైన ఉన్న బరువంతా ఇవే మోస్తాయి, భయమేసినప్పుడు భుజాలు ఎలా పైకి లేస్తాయో ఇవి కూడా అలాగే బిగుసుకుంటాయి, భయం పోతే దిగిపోవాలి, కొంతమందికి దిగవు. ఏళ్ళ తరబడి బిగుసుకునే ఉంటే పిడికిలి ఎంతసేపని నొప్పెట్టకుండా ఉంటుంది చెప్పు, అంది. ఇంకా అంది, ఇలాంటి నొప్పితో వచ్చే ఆడపిల్లల్లో చిన్నతనం కష్టంగా గడిచినవాళ్ళు చాలామంది కనిపిస్తారు, అందరూ కాదు, అలా గడిచిన అందరికీ నొప్పి రానూ రాదు, అలాగని ఇది నీ మనసులో పుట్టిన నొప్పి అని నేను అనడం లేదు, నీ ఒంట్లోనే ఉంది, ఒళ్ళు దాన్ని ఎక్కడ నేర్చుకుందో చూడాలి, అంతే.

ఒళ్ళు నేర్చుకోవడం అంటే ఏమిటో ఆమెకు అర్థమైంది, ఎందుకంటే ఆమె పని అదే. దంత వైద్యులు పంపే అచ్చులలో ప్లాస్టరు పోసి, ఎండాక తీసి, మైనంతో పన్ను కట్టి, పక్క పన్నుకు సరిపోయేలా చెక్కుతుంది. ల్యాబులో ఆరేళ్ళుగా ఆమె బల్ల కిటికీ పక్కనే. మనుషుల్ని ఎన్నడూ చూడదు, నోళ్ళను చూస్తుంది. ల్యాబు నడిపే మేస్త్రి అప్పుడప్పుడూ ఒక అచ్చు తెచ్చి ఆమె ముందు పెట్టి, ఆటపట్టిస్తూ, "చూశారా ఇంజనీరు గారూ, ఈయన రోజూ నిద్రలో ఎవరితోనో కుస్తీ పడుతున్నాడు. పగలు అడిగితే నాకేం దిగుల్లేదండీ, హాయిగా ఉన్నానండీ అంటాడు" అనేవాడు. చూస్తే దవడ పళ్ళు సానబట్టినట్టు నున్నగా అరిగిపోయి ఉండేవి. నెలకు రెండు మూడైనా అలాంటివి వచ్చేవి. వాటికి కట్టే పళ్ళు మామూలు వాటికంటే గట్టిగా కట్టాలి, లేకపోతే ఆరు నెలల్లో కొరికేసుకుంటారు. ఆమె వాళ్ళకోసం మైనం కాస్త ఎక్కువసేపు నునుపు చేసేది, ఎవరో తెలియదు, పేరు కూడా ఉండదు, చీటీ మీద ఒక నంబరు మాత్రమే ఉంటుంది, అయినా ఆ మనిషి రోజంతా నవ్వుతూ తిరిగి పక్కమీదికి చేరాక దవడ బిగించే దృశ్యం ఆమె కళ్ళకు కట్టేది. ఎవరిమీద ఆ కోపం, ఎవరంటే ఆ భయం, పళ్ళు చెప్పవు. ఎంతకాలంగా అనేది మాత్రం చెబుతాయి.

"ఒకటి తింటావా?" అన్నాడు తండ్రి. కమలాపండు ఒలుస్తున్నాడు. తొక్క తీశాక తొనమీది తెల్లటి ఈనెల్ని ఒక్కొక్కటే గోటితో లాగి, తొనను అద్దంలా చేసి, అప్పుడు ఆమె చేతిలో పెడతాడు. రిటైరయ్యాక నేర్చుకున్న విద్య. ఐదేళ్ళ కిందట ఆఫీసులో పూలదండ వేసి పంపించాక మొదటి ఆర్నెల్లూ ఆయన ఇంట్లో ఏం చేయాలో తెలియక కుర్చీల కాళ్ళకు రబ్బరు బిరడాలు తొడుగుతూ గడిపాడు. ఆ తర్వాత ఎందుకో మెత్తబడిపోయాడు. ఎప్పుడు, ఏ రోజున అని ఎవరూ చెప్పలేరు. అమ్మ మోకాళ్ళకు తైలం రాస్తాడు. కుళాయి నెమ్మదిగా కట్టేస్తాడు. ఇప్పుడు అమ్మకు మెట్లెక్కడం కష్టమైపోయింది గనక ఆసుపత్రులకు ఆమె వెంట ఆయనే వస్తున్నాడు, లైన్లో తనే నిలబడతాడు, మందుల షాపు వాడితో తేదీలు సరిచూసి మరీ తీసుకుంటాడు. ఇందాక చీటీ రాసే అమ్మాయి కూడా అంది, మీ నాన్నగారు ఎంత ఓపిగ్గా కనుక్కుంటున్నారో అని. ఆమె అవునండీ అంది. అవును, అబద్ధం కాదు. తొన తియ్యగా ఉంది, అదీ అబద్ధం కాదు. కష్టం అక్కడే. ఈ మనిషి వేరు, ఆ మనిషి వేరు అనుకుంటే రాసేయవచ్చు. కానీ తొన అందించే వేళ్ళు అవే, చూపుడువేలి మీద ఎర్రసిరా మరక పడిన చోటు చర్మం ఇప్పటికీ కొంచెం గట్టిగా ఉంటుంది, ముప్పై రెండేళ్ళు దరఖాస్తులు సరిచూసిన వేలు అది. ఖాళీ గడి కనిపిస్తే చుట్టూ ఎర్రగీత గీసి తిప్పి పంపేసేది.

ఆయన తాగేవాడు కాదు. తాగి ఉంటే బాగుండేదని చిన్నప్పుడు ఆమె, అక్కా అనుకునేవాళ్ళు, అప్పుడు చెప్పుకోవడానికి ఒక కారణం ఉండేది. ఎదురింటి పిల్ల, మా నాన్న తాగితే అంతే, పొద్దున్నే మామూలైపోతాడు అని ఎంత తేలిగ్గా చెప్పేది. వీళ్ళకు ఆ వీలు లేదు. ఐదూ నలభైకి గేటు గడియ చప్పుడయ్యేది. ఆ చప్పుడుని బట్టి ఆ సాయంత్రం ఎలా ఉండబోతోందో ఇంట్లో ఆడవాళ్ళు ముగ్గురికీ తెలిసిపోయేది, మెల్లగా వేస్తే బతికామని, విసురుగా వేస్తే ఎవరి పనిలో వాళ్ళు మాయమైపోవాలని. ఆఫీసులో ఆయన పై అధికారి అందరి ముందూ కాగితాలు మొహాన కొట్టేవాడట, అది అమ్మ చాలా ఏళ్ళ తర్వాత చెప్పింది, చెప్పినా ఏం లాభం, అప్పటికి వాళ్ళకు తెలిసింది హాల్లో చెక్క కుర్చీ ఒక్కటే. వచ్చి దాంట్లో కూర్చునేవాడు, లైటు వేయనిచ్చేవాడు కాదు, గ్లాసు కింద పెట్టిన చప్పుడు ఎక్కువైనా, కూరలో ఉప్పు తక్కువైనా, ఏదీ ఎక్కువా తక్కువా కాకపోయినా, లేచేవాడు. స్టీలు గ్లాసు గోడకు తగిలి దొర్లుకుంటూ ఎక్కడ ఆగుతుందో ఆమె తలుపు వెనకనుంచి చెప్పగలిగేది. అమ్మ ఏడుపు వినిపించేది కాదు, అమ్మ గాజులు వినిపించేవి. ఒకసారి ఫోన్లో నవ్విందని అక్కను జడపట్టి హాలు ఈ చివరి నుంచి ఆ చివరికి ఈడ్చాడు. అక్క పంతొమ్మిదో ఏట ఉద్యోగం చూసుకొని వెళ్ళిపోయింది. ఇప్పటికీ అమ్మకే ఫోన్ చేస్తుంది, ఆయన ఎత్తితే పెట్టేస్తుంది.

ఆ ఇల్లు రైలుపెట్టెలా ఒకదాని వెనక ఒకటిగా ఉండేది. వీధివైపు పిల్లల గది, తర్వాత హాలు, హాలు పక్కనే అమ్మానాన్నల పడకగది, తర్వాత వంటిల్లు, అన్నిటికీ చివర బాత్రూం. పిల్లల గదిలోంచి ఎక్కడికి వెళ్ళాలన్నా హాలు దాటాలి. ఏడేళ్ళ పిల్లకు అది పన్నెండు అడుగులు. కుర్చీ సరిగ్గా ఆరో అడుగు దగ్గర. బడినుంచి రాగానే ఒంటేలుకు వెళ్ళి వచ్చేది, ఐదూ నలభైకల్లా మళ్ళీ వచ్చినట్టుండేది, కానీ అప్పటికి గేటు చప్పుడయ్యేది. ఇక అంతే. ఆయన స్నానానికి లేచాడంటే బాత్రూం ఖాళీ ఉండదు, బాత్రూం ఖాళీ అయ్యిందంటే ఆయన కుర్చీలోకి వచ్చేసినట్టే. ఆ పిల్ల మంచం అంచున మడమ మీద కూర్చుని, మడమను బలంగా అదుముకొని, పదిహేడో ఎక్కం మనసులో చదువుకునేది, అన్నిట్లోకీ అదే కష్టం గనక ధ్యాస దానిమీద ఉంటుందని. పదిహేడు ఏడ్ల దగ్గర ఎప్పుడూ తప్పు వచ్చేది, మళ్ళీ మొదటినుంచి. తొమ్మిదికి వార్తల సంగీతం, తొమ్మిదిన్నరకు కుర్చీ వెనక్కి జరిగిన చప్పుడు, ఆ తర్వాత పడకగది తలుపు. నీళ్ళు తాగడం మానేసింది. బళ్ళో టీచరు, మూత్రం మంటగా ఉందంటే పిల్లలు నీళ్ళు సరిగ్గా తాగాలమ్మా అని అందరికీ కలిపి పాఠం చెప్పింది. తొమ్మిదో ఏట రెండుసార్లు పక్క తడిపింది, అమ్మ తెల్లారకముందే దుప్పటి ఉతికి పెరట్లో కాకుండా గదిలోనే కిటికీకి ఆరేసింది, ఆయన కంట పడకుండా. ఆమెను ఏమీ అనలేదు. ఏమీ అడగలేదు కూడా.

గోడమీద అంకె మారింది. ముప్పై ఆరు. లోపలనుంచి వచ్చిన అమ్మాయి ఆమెకంటే చిన్నది, కాలేజీ పిల్లలా ఉంది, చున్నీ సర్దుకుంటూ ఎవరినీ చూడకుండా వెళ్ళిపోయింది. నీదేం గడి, అని ఆమె ఆ పిల్ల వీపును అడిగింది మనసులో. ఉన్నాయి గడిలో టిక్కు పెట్టడానికి అక్కకు హక్కుంది, అమ్మకుంది. జడ పట్టి లాగింది అక్కను, మెటికలు విరిగినట్టు గాజులు విరిగింది అమ్మవి. తనను మాత్రం ఆయన ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి కూడా కొట్టలేదు. చిన్నది కదా, ముద్దు. బడి ఫీజు చీటీలు తనకే ఇచ్చేవాడు, సైకిలు నేర్పేటప్పుడు వెనక సీటు పట్టుకొని వీధంతా పరుగెత్తాడు, పడితే మోకాలికి తనే మందు రాశాడు. ఆ సాయంత్రమే అక్క జడ. దేన్ని దేనితో కూడాలి? దెబ్బ తిననిదానికి నొప్పేమిటి, గదిలో కూర్చుని వినడం కూడా ఒక కష్టమేనా, లోకంలో ఎన్ని ఘోరాలు జరగడం లేదు, ఇల్లుండేది, తిండుండేది, చదువు చెప్పించారు, తలుపు వెనక నిలబడిన పిల్ల గురించి ఎవరైనా ఏం రాస్తారు? లేవు అని పెట్టేస్తే ఒక్క నిమిషంలో అయిపోతుంది. చెప్పదలుచుకోలేదు అని పెడితే అది ఉన్నాయి అనడం కంటే గట్టిగా అరిచినట్టు. మరి నాలుగో చోట బల్లమీద మోకాళ్ళు ఎవరు దగ్గరికి లాగారు? ఎవరూ గొంతు పెంచకముందే, ల్యాబు షట్టరు పైకెత్తే చప్పుడుకే రోజూ పొద్దున పొత్తికడుపులో ఆ గిన్నె ఎందుకు ఎగిరి గట్టిగా మూసుకుంటుంది? షట్టరుకేం పగ ఉంది తనమీద? గేటు గడియ లాంటిదే ఆ చప్పుడు, ఇనుము ఇనుముకు తగిలే చప్పుడు. ఇన్నేళ్ళూ ఆ పోలిక తనకు తట్టనే లేదు.

"అయిపోయిందా?" అన్నాడు తండ్రి.

"ఆఁ. ఒక్కటి ఉంది."

"ఇటియ్యి, ఒకసారి చూస్తాను."

"ఫర్వాలేదు నాన్నా, నేనిచ్చేస్తాలెండి."

"ఇటియ్యమ్మా. ముప్పై రెండేళ్ళు ఇదే కదా నా పని. ఒక్క గడి ఖాళీగా ఉన్నా తిప్పి పంపేస్తారు, మళ్ళీ మొదట్నించీ కూర్చోవాలి."

చేయి చాపాడు. ఇవ్వనని ఆమె అనలేకపోయింది, ఆ చేతికి ఏదీ ఇవ్వనని ఆమె ఎన్నడూ అనలేదు. ఆయన జేబులోంచి కళ్ళద్దాలు తీసి, తుడిచి, పెట్టుకొని, చూపుడువేలిని మొదటి ప్రశ్న కింద ఆనించాడు. వేలు ఒక్కో వరుసా దిగుతోంది. నెలసరి గురించిన నాలుగు ప్రశ్నల దగ్గర మర్యాదగా, తొందరగా జారింది. కాగితం తిప్పాడు. పదిహేను, పదహారు. ఆమె ఊపిరి పీల్చి వదలడం మరిచిపోయింది. వేలు ఆగింది.

"ఇదేంటి, ఇది వదిలేశావేం?" అని, అప్పుడు ప్రశ్న చదవడం మొదలుపెట్టాడు. చదివేటప్పుడు పెదాలు కదులుతాయి ఆయనకు. తరచుగా అన్న మాట దాకా కదిలాయి, తర్వాత కదల్లేదు. ఎదుటి వరుసలో ఎవరిదో ఫోన్ మోగి ఆగిపోయింది.

"ఇది కడుపునొప్పికి అడిగే ప్రశ్నేనా?" అన్నాడు, కాగితంలోంచి తల ఎత్తకుండా.

"అందర్నీ అడుగుతారంట నాన్నా."

"ఎందుకంట?"

"చిన్నప్పుడు బాగా భయపడ్డవాళ్ళలో కొంతమందికి అక్కడ కండరాలు బిగుసుకుపోయి అలాగే ఉండిపోతాయంట. అందరికీ కాదంట."

ఆయన కాగితం మడత పడిన మూలను గోటితో సరిచేశాడు. తర్వాత మెల్లగా, కోపం లేకుండా, తనకు తనే గుర్తుచేసుకుంటున్నట్టు, "నిన్ను నేను ఎప్పుడూ ఒక్క దెబ్బ కూడా వేయలేదు" అన్నాడు.

"లేదు నాన్నా. వేయలేదు."

"మరింకేం" అని కాగితం, పెన్ను ఆమె చేతికిచ్చాడు. ఆ ఇవ్వడంలో ఒక వేడుకోలు ఉంది. ఆమె పెన్ను పట్టుకొని లేవు గడి మీదికి వంగింది కూడా. ఆయన మెడమీద కాలరు అంచు నలిగిపోయి దారాలు వచ్చాయి, అమ్మ కంటికి ఆనడం లేదు కాబోలు, కుట్టలేదు, ముసలాయన, ఇప్పుడు ఈయన్ని ఇలా కూర్చోబెట్టి, అనుకుంది. అనుకుంటుంటేనే పొత్తికడుపు అడుగున ఆ పిడికిలి ఇంకొక మెలిక తిరిగింది. తల ఎత్తకుండానే, ఇంత చిన్న గొంతుతో చెబుతానని ఆమె అనుకోలేదు,

"నాన్నా, చిన్నప్పుడు సాయంత్రాలు నేను బాత్రూంకి వెళ్ళేదాన్ని కాదు."

"ఏం?"

"హాలు దాటాలి కదా."

ఆయనకు అర్థం కాలేదు. "దాటితే ఏం?"

"హాల్లో మీరుండేవారు."

అంకె మారింది. ముప్పై ఏడు. ఒక ముసలావిడ చేతికర్ర వెతుక్కుంటూ లేచింది. ఆయన ఆ ముసలావిడ తలుపు దాకా వెళ్ళేంతవరకూ ఆవిడనే చూశాడు.

"ఎన్నాళ్ళు?" అన్నాడు.

"ఏడో ఏటినుంచి. హాస్టలుకి వెళ్ళేదాకా."

"మరి... ఎలా?"

"ఉగ్గబట్టుకొని ఉండేదాన్ని, మీరు లేచి వెళ్ళేదాకా. తర్వాత్తర్వాత అమ్మ తలుపు వెనకాల ఒక డబ్బా పెట్టింది. మూతున్న పెయింటు డబ్బా."

"తెలుసు ఆ డబ్బా. తడిగుడ్డలు వేసుకోవడానికని చెప్పింది మీ అమ్మ." ఆ మాట అన్నాక ఆయన ముఖంలో ఏదో కిందికి జారింది. అమ్మ ఒక్కతే కాదు, అమ్మా ఈమే అక్కా ముగ్గురూ కలిసి తన చుట్టూ ఒక ఇల్లు నడిపారని, ఆ ఇంట్లో ఏ డబ్బా ఎందుకుందో తనకొక్కడికే తెలియదని, ఆ మాట అంటూ ఉండగానే ఆయనకు తెలిసినట్టుంది. కళ్ళద్దాలు తీశాడు. మళ్ళీ పెట్టుకున్నాడు. "నాకు తెలీదమ్మా. నిజంగా తెలీదు" అన్నాడు.

నిజమేనని ఆమెకు తెలుసు. పర్లేదు నాన్నా అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది, ఎన్ని వేలసార్లు వచ్చిందో అలాగే, తనంతట తనే తయారై వచ్చింది. పర్లేదు అనేస్తే ఆయన తేలికపడతాడు, ఈ వరుస కుర్చీలన్నీ తేలికపడతాయి. కానీ పర్లేదా? ఆ పిల్ల మంచం అంచున ఇంకా కూర్చునే ఉంది, దాన్ని అడక్కుండా తనెలా చెబుతుంది పర్లేదని? ఆమె పెదాలు మూసుకుంది.

చివరికి ఆయనే గొంతు సవరించుకున్నాడు. "రాయి" అన్నాడు. "ఉన్నదే రాయాలి." కౌంటరు వెనకనుంచి కొన్ని వేలమందికి చెప్పిన మాటే అది. ఆమె మొదటి గడిలో టిక్కు పెట్టింది. ఆయన చూడలేదు. ఫైలు ఆమె కుర్చీ పక్కన పెట్టి, సీసా చేతిలో పట్టుకొని, లేచి నిలబడ్డాడు. "నేను కింద ఉంటాను. ఇక్కడే ఉంటే లోపల నువ్వు..." అని మాట పూర్తి చేయకుండానే మెట్లవైపు నడిచాడు. రెయిలింగు పట్టుకొని ఒక్కో మెట్టూ చూసుకుంటూ దిగాడు.

ముప్పై ఎనిమిది. లోపల గదిలో ఉన్నది ఇంచుమించు ఆమె ఈడు మనిషి, చేతులు మోచేతులదాకా మడిచిన తెల్లకోటు, జుట్టు పైకెత్తి క్లిప్పు పెట్టుకుంది. బిగుసుకుపోయిన కండరాలకు వ్యాయామం నేర్పే మనిషట. కాగితం రెండువైపులా చదివింది, పంతొమ్మిది దగ్గర ఆగింది, కళ్ళెత్తి చూసింది గానీ ఏం జరిగిందని అడగలేదు. "ఇవాళ నేనేం పరీక్ష చేయను. మీరు వద్దంటే ఏ రోజైనా, ఎక్కడైనా ఆపేస్తాను. వద్దని చెప్పడానికి కారణం చెప్పక్కర్లేదు" అంది. ఆ మాటకే ఆమె కళ్ళు చెమర్చాయి, సిగ్గనిపించింది. తర్వాత బల్లమీద పడుకోబెట్టి, మోకాళ్ళ కింద దిండు పెట్టి, ఆమె చేతినే తీసి ఆమె పొట్టమీద వేయించింది. ఊపిరి పీల్చి ఆ చెయ్యి పైకి లేవనివ్వాలి, వదిలేటప్పుడు కిందున్నదంతా వదిలేయాలి.

"వదలమంటే ఎలా వదలాలో నాకు తెలీదండీ."

"తెలిస్తే నా దగ్గరికెందుకొస్తారు?" అంది ఆ మనిషి, ఇద్దరూ నవ్వారు. ఆ నవ్వులో పొట్ట కదిలింది. "అదిగో, అలాగే."

అలాగే కాలేదు. నాలుగోసారీ కాలేదు, ఎనిమిదోసారీ కాలేదు. ఛాతీ లేస్తోంది, పొట్ట లేవడం లేదు. ఎన్నోసారో, పైకప్పు మీద తేమ మరకను చూస్తూ దాని అంచు ఎటు పోతోందో వెతుకుతుంటే, అడుగున ఎక్కడో ఒక నూలుపోగంత కిందికి దిగింది. అంతే. దిగాక తెలిసింది, అది అంతసేపూ, అన్నేళ్ళూ, పైకే ఉందని. అంత కింద చోటుందని ఆమెకు తెలియనే తెలియదు. భయమేసింది. మరుక్షణం మళ్ళీ మూసుకుపోయింది.

"నొప్పి తగ్గిందా?"

"లేదు."

"ఇవాళ తగ్గదు. వారానికోసారి రండి, నాలుగైదు నెలలు పడుతుంది. కొంత తగ్గుతుంది. ఎంతని ఇప్పుడే చెప్పలేను."

ఎంతని చెప్పలేనన్న ఆ మాటను ఆమె నమ్మింది. ఇన్నాళ్ళూ ఎవరు ఏం చెప్పినా నమ్మలేకపోయింది.

కింద వాకిట్లో సిమెంటు అరుగు మీద తండ్రి కూర్చుని ఉన్నాడు. మొహం కడుక్కున్నట్టున్నాడు, చొక్కా ముందు భాగం తడిసి ఉంది. ఆమెను చూసి లేచాడు. ఏమన్నారని అడిగాడు. చెప్పింది. "సరే, ప్రతి వారం నేను తీసుకొస్తాను" అన్నాడు వెంటనే.

"వద్దు నాన్నా. నేనొక్కదాన్నే వస్తాను."

ఆయన తల ఊపాడు. ఇద్దరూ గేటు దాకా నడిచారు. గేటు బయట వేపచెట్టు నీడలో ఆగి, ఆయన రోడ్డువైపే చూస్తూ, "అక్క కూడా ఆ ఫారం రాస్తే..." అన్నాడు.

"అక్క సంగతి అక్కనడగాలి."

"అయితే ఫోన్ కలిపివ్వు. నువ్వు కలిపితే ఎత్తుతుంది."

ఎత్తుతుంది, నిజమే. చెల్లి నంబరు చూసి అక్క ఎక్కడున్నా, ఏ పనిలో ఉన్నా ఎత్తుతుంది, ఎత్తగానే అవతలనుంచి ఈ గొంతు వినిపిస్తుంది. "ఇప్పుడు కాదు నాన్నా" అంది ఆమె. "ముందు నేను మాట్లాడతాను. తను మాట్లాడతానంటే కలుపుతాను. వద్దంటే కలపను." చెప్పేసి, ఆయన జవాబు కోసం నిలబడ్డ ఆ రెండు మూడు క్షణాల్లో పొత్తికడుపు అడుగున అది బిగుసుకుంటూ రావడం, మొదలైన చోటునుంచి చివరిదాకా, ఆమెకు స్పష్టంగా తెలిసింది. ఊపిరి వదిలింది. సగమే దిగింది.

ఆయన చేతిలోని ఖాళీ సీసాను ఒకసారి అటూ ఇటూ తిప్పాడు.

"సరే" అన్నాడు. కొంచెంసేపు ఆగి, "వద్దంటే వద్దందనే చెప్పు. నా దగ్గర దాచకు" అన్నాడు.